హిస్పానిక్ కోవిడ్ మరణాల రేటు తక్కువగా ఎందుకొచ్చిందంటే

మీ లెక్క తప్పు కాదండీ. అమెరికాలో కోవిడ్ హిస్పానిక్, లాటినో ప్రజలను (స్పానిష్ భాషా, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లను) ఎక్కువగా దెబ్బతీసిందని చదివారు. తీరా అసైన్‌మెంట్‌లో మరణాలను జనాభాతో భాగిస్తే శ్వేతజాతీయుల రేటే ఎక్కువ వచ్చింది. అదేగా మీ టెన్షన్?

తేడా వయసులో ఉంది. హిస్పానిక్ జనాభా మధ్యస్థ వయసు (సగం మంది దానికంటే చిన్నవాళ్లు, సగం మంది పెద్దవాళ్లు) సుమారు 30 ఏళ్లు, శ్వేతజాతీయులది 40 పైమాటే. కోవిడ్ ఎక్కువగా వృద్ధులనే బలి తీసుకుంది కనుక, వృద్ధులు తక్కువున్న సమాజంలో మొత్తం రేటు తక్కువగా కనిపిస్తుంది. ముందు ఒక్కో వయసు వర్గానికి విడివిడిగా రేటు తీయండి. తర్వాత రెండు సమూహాలకూ ఒకే ప్రామాణిక జనాభా వెయిట్లు (ఆ జనాభాలో ఒక్కో వయసు వర్గం వాటా) వేసి కలపండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పట్టికల్లో సాధారణంగా 2000 నాటి అమెరికా ప్రామాణిక జనాభా వాడతారు. అప్పుడు బొమ్మ తిరగబడుతుంది, హిస్పానిక్ రేటే ఎక్కువ వస్తుంది. నడివయసు వరుసలు చూస్తే నాకైతే మనసు కలుక్కుమంది, వాళ్లంతా ఇళ్లు నడిపే వయసువాళ్లు.

ఆయుర్దాయంతోనూ సరిచూసుకోండి. హిస్పానిక్‌లకు 2019లో 81.9 ఏళ్లు, 2020లో 77.9. శ్వేతజాతీయులకు 78.8 నుంచి 77.4కి తగ్గింది. అంటే హిస్పానిక్‌ల తగ్గుదలే ఎక్కువ.

కారణాల భాగంలో దయచేసి "వాళ్ల శరీరతత్వం" అని రాయకండి. అంతకుముందు ఎక్కువకాలం బతికింది వాళ్లే. మాంసం ప్యాకింగ్ ప్లాంట్లు, పొలాలు, హోటల్ వంటగదులు ఇంటినుంచి పని చేసేవి కావు. పైగా చాలామందికి ఇన్సూరెన్స్ లేదు, ఒకే ఇంట్లో మూడు తరాలు. ఇమిగ్రేషన్ భయంతో ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లినవాళ్లూ ఉన్నారు.