గ్రాంట్ ఆగిపోతే మా అమ్మాయి గతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. చిన్నప్పటి నుంచి టైప్ 1 డయాబెటిస్. చర్మం కింద అమర్చే షుగర్ సెన్సర్ల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. ఈ పరిశోధనకు డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారా? మధ్యలో గ్రాంట్ ఆగిపోతే మేం ఏం చేయాలి? బంధువులంతా హెల్త్ ఏఐలో మాస్టర్స్ చేయించమంటున్నారు. ఏది మేలు? నేనే ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. దరఖాస్తులో తన జబ్బు సంగతి దాచమంటారా? ఒంటరిగా ఉన్నప్పుడు రాత్రి షుగర్ పడిపోతే ఎవరు చూస్తారన్న బెంగతో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు అడిగింది గ్రాంట్ల గురించే అయినా, మీ అసలు భయం ఆ ఆఖరి వాక్యంలో ఉంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఏ కోర్సులో చేరినా ఆమె ఇల్లు వదిలి వెళ్లాల్సిందే. మాస్టర్స్‌లో చేరితే రాత్రిపూట షుగర్ పడిపోకుండా ఉండదు కదా. తగ్గగానే అలారం మోగే సెన్సర్, మీ ఫోన్‌కు కూడా రీడింగ్ వచ్చే ఏర్పాటు, పడిపోయిన షుగర్‌ను పెంచే గ్లూకగాన్ మందు ఎలా ఇవ్వాలో నేర్చుకున్న ఒక రూమ్మేట్... ఇవి చూసుకోండి. చిన్నప్పటి నుంచి తన ఇన్సులిన్ లెక్కలు తాను చూసుకుంటున్న పిల్ల మీరనుకునే దానికంటే గట్టిది.

ఇక డబ్బు. ఉంది, కానీ విడతలవారీగా వస్తుంది. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ప్రధాన గ్రాంట్ గరిష్ఠంగా 5 ఏళ్లు, చిన్న గ్రాంట్ అయితే 2 ఏళ్లు. టైప్ 1 పరిశోధన కోసం అక్కడి చట్టసభ కాంగ్రెస్ 1997లో ఒక ప్రత్యేక నిధి పెట్టింది. దాన్ని ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తున్నారు. గడువు దగ్గరపడిన ప్రతిసారీ ల్యాబుల్లో టెన్షనే. ప్రభుత్వాలే కాదు, మీలాంటి తల్లిదండ్రులు కూడా ఈ రంగాన్ని నిలబెట్టారు. ఇప్పుడు బ్రేక్‌త్రూ టీ1డీ అని పిలుస్తున్న సంస్థను 1970లో టైప్ 1 పిల్లల తల్లిదండ్రులే జువెనైల్ డయాబెటిస్ ఫౌండేషన్‌గా మొదలుపెట్టారు. ఇలాంటి పరిశోధనలకు డబ్బిచ్చే పెద్ద సంస్థల్లో అదొకటి.

పని ఎందుకింత నెమ్మదిగా సాగుతుందో తెలిస్తే గ్రాంట్ల తీరు అర్థమవుతుంది. సెన్సర్‌ను లోపల పెట్టగానే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూస్తుంది. రక్షణ కణాలు చుట్టుముడతాయి, కొన్ని వారాల్లో దాని చుట్టూ గట్టి కణజాలపు పొర కడతాయి. ఆ పొర దాటి గ్లూకోజ్ సరిగ్గా చేరదు, రీడింగ్ పక్కకు జరుగుతుంది. ఎంజైముతో గ్లూకోజ్ కొలవవచ్చన్న ఆలోచనను క్లార్క్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు 1962లోనే ప్రచురించారు. కానీ పూర్తిగా చర్మం కింద ఉండే ఎవర్‌సెన్స్ అనే సెన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2018లో, అదీ ఒక్కో సెన్సర్ 90 రోజులు వాడటానికే. 2022లో 180 రోజులు, 2024లో ఏడాది. 2 సెంటీమీటర్లు కూడా లేని ఆ సెన్సర్ ఎంజైమును వదిలేసి కాంతితో కొలుస్తుంది. వాపు రాకుండా మెల్లగా మందు వదిలే చిన్న రింగు దానికి ఉంటుంది. దాని తయారీ కంపెనీ 2020లో డబ్బు ఇబ్బందులతో సిబ్బందిని తగ్గించి, అమెరికాలో కొత్తవారికి అమ్మకాలు ఆపింది. తర్వాత మరో కంపెనీతో కలిసి నిలదొక్కుకుంది. మీ అమ్మాయి పీహెచ్‌డీలో సెన్సర్ మొత్తం తయారైపోదు. పై పూత గురించో, రీడింగ్ ఎందుకు పక్కకు జరిగిపోతుందన్న దాని గురించో ఒక ముక్క తేలుతుంది. అది తక్కువేం కాదు.

హెల్త్ ఏఐ మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఆ పేరుతో నడిచే చాలా కోర్సుల్లో ఎవరో కొలిచి ఇచ్చిన డేటా మీద మోడల్ నడపడం నేర్పుతారు. కొలతే తప్పైతే మోడల్ ఆ తప్పునే ధీమాగా చెబుతుంది. హడావుడి ఎక్కువైన చోట ఏం జరుగుతుందో ఈ రంగంలోనే చూశాం. 2014లో గూగుల్ కన్నీటిలో గ్లూకోజ్ కొలిచే కాంటాక్ట్ లెన్స్ ప్రకటించింది. డబ్బుకు లోటు లేదు, మందుల కంపెనీ నొవార్టిస్ కూడా చేయి కలిపింది. కన్నీటి గ్లూకోజ్‌కూ రక్తంలో గ్లూకోజ్‌కూ నమ్మదగ్గ పొంతన కుదరక 2018లో ఆపేశారు. సూది గుచ్చకుండానే షుగర్ చెబుతామనే వాచీలనూ ఉంగరాలనూ నమ్మొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించాల్సి వచ్చింది. శరీరం లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఏఐ తర్వాతైనా వస్తుంది. తిరగేసి నేర్చుకోవడం చాలా కష్టం. మాస్టర్స్‌తో ఉద్యోగం త్వరగా రావచ్చు, నిజమే. ఆమెకు అదే కావాలంటే వెళ్లనివ్వండి. బంధువులు చెప్పారని మాత్రం వద్దు.

కాస్త కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ప్రొఫెసర్‌కు మీరు మెయిల్ పెట్టడం పెద్ద పొరపాటు. తన మాట తాను మాట్లాడుకోలేని విద్యార్థిని ఏ గైడూ తీసుకోరు. "మేం ఏం చేయాలి" అని అడిగారు. చేయాల్సింది ఆమె, మీరు కాదు. గైడ్‌ను ఆమే అడగాలి: ఇప్పుడున్న గ్రాంట్ ఎప్పుడు ముగుస్తుంది? ముగిస్తే స్టైపెండ్‌ను డిపార్ట్‌మెంట్ భరిస్తుందా? ఇంతకుముందు మీ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? కంపెనీ డబ్బైతే ఫలితాలు ప్రచురించనిస్తుందా? పాత విద్యార్థులతో విడిగా మాట్లాడితే ఇంకా మంచిది. సబ్జెక్ట్ కంటే గైడ్ ఎంపికే ముఖ్యం. ఒకవేళ గ్లూకోజ్ పరిశోధనకు డబ్బు తగ్గినా, పూతలు, కణజాల పరీక్షలు, తక్కువ కరెంటుతో నడిచే సర్క్యూట్లు నేర్చుకున్నవాళ్లకు పేస్‌మేకర్లలోనూ, వినికిడి ఇంప్లాంట్లలోనూ పని ఉంటుంది.

జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, చెప్పి తీరాలని ఎవరూ అడగకూడదు. దాచాల్సిన తప్పైతే కాదు. రాత్రి సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే సెన్సర్ షుగర్ పడిపోయిందని ఊరికే అలారం కొడుతుంది. ఒత్తిడి పడ్డచోట గ్లూకోజ్ అందక అలా జరుగుతుంది. ఆ అలారానికి ఎన్నోసార్లు లేచిన అమ్మాయి దాన్నే ఒక పరిశోధన ప్రశ్నగా రాస్తే, చదివే ప్రొఫెసర్ అక్కడ ఆగుతారు. ఆ పేరా ఆమెనే రాయనివ్వండి, పంపేముందు దిద్దడానికి కూడా అడగకండి.