టికెట్లన్నీ గడువులోనే, పని మాత్రం ఆలస్యం

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలోని ఒక సంస్థలో తొమ్మిది మంది ఉన్న ఐటీ బృందానికి లీడ్‌గా పనిచేస్తున్నాను. నెలవారీ నివేదికలో టికెట్లన్నీ (మాకు నమోదై వచ్చే పని అభ్యర్థనలు) గడువులోపలే ముగిసినట్టు కనిపిస్తుంది; రాత్రి ఎనిమిదైనా ఎవరూ సీటు వదలరు. అయినా అమ్మకాల విభాగం వారు "మీకు ఏది చెప్పినా నెల పడుతుంది" అంటున్నారు. మరో ఇద్దరు డెవలపర్లను ఇవ్వమని యాజమాన్యాన్ని అడగమంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇప్పుడే అడగకండి. ముందుగా గత నెల పూర్తయిన ఒక చిన్న మార్పును తీసుకుని, అడిగిన రోజు నుంచి అది వాడకంలోకి వచ్చిన రోజు దాకా ఏ రోజు ఎవరి దగ్గర ఉందో కాగితం మీద రాయండి. ఉదాహరణకు, ఇన్‌వాయిస్‌లో డిస్కౌంట్ కాలమ్ చేర్చాలనుకుందాం. ప్రణాళికా సమావేశం కోసం ఎనిమిది రోజులు ఆగింది, కోడ్ రాయడానికి రెండు రోజులు పట్టింది, టెస్టర్ చేతికి అందడానికి ఆరు రోజులు, పరీక్షకు ఒక పూట, ఆమోదానికి ఐదు రోజులు, నెలాఖరు రిలీజ్ (మార్పులను వాడకంలోకి విడుదల చేయడం) కోసం మరో తొమ్మిది రోజులు గడిచాయి. నెల రోజుల్లో పని జరిగింది రెండున్నర రోజులే. మీ గడువుల లెక్కలో ఇది కనబడకపోవడానికి కారణం, చాలాచోట్ల టికెట్‌ను 'పెండింగ్'లో పెట్టగానే గడియారం ఆగిపోవడం. అమ్మకాల వారి గడియారం ఆగదు కదా!

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే కాలం తెలుస్తుంది. ముప్పై పనులు మొదలుపెట్టి వారానికి ఆరు ముగిస్తుంటే ఐదు వారాలు పడుతుంది. అదే వేగంతో చేతిలో పన్నెండే ఉంచుకుంటే రెండు వారాలు చాలు. కాబట్టి చేతిలో పన్నెండు ఉన్నప్పుడు ఒకటి ముగిసేదాకా కొత్తది మొదలుపెట్టకూడదన్న పరిమితి పెట్టుకోండి. అయితే పన్నెండు దాటినవి బయట మరో వరుసలో పేరుకుపోతే అడిగినవారికి ఒరిగేదేమీ లేదు గనుక, ఆ వరుసలో ఏది ముందో, ఏది అసలే వద్దో అమ్మకాల విభాగం చేతనే తేల్చించండి. అన్నిటికీ 'అర్జెంట్' అని రాసి పంపే అలవాటు దీనితో కొంతైనా తగ్గుతుంది.

అందరూ రాత్రి దాకా తీరిక లేకుండా ఉండటాన్ని నేను మంచి సూచనగా చూడను. ఒక్కరే పనిచేసే సాధారణ క్యూ నమూనాలో, ఆ వ్యక్తి సమయం 80 శాతం నిండి ఉంటే వచ్చిన పని సగటున నాలుగు పనులకు పట్టేంత సేపు ఆగుతుంది. 95 శాతం నిండితే పంతొమ్మిది పనులంత సేపు ఆగుతుంది. ట్రాఫిక్ రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి రోజూ దాటేవారికి ఇది కొత్త సంగతి కాదు. మీ టెస్టర్ పరిస్థితి అదే అయితే, మరో ఇద్దరు డెవలపర్లు వచ్చి ఆ వరుసనే పెంచుతారు. పైగా, ఐబీఎమ్‌లో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే రాశారు. కొత్తవారికి నేర్పాల్సింది పాతవారే కదా.

ఆమోదాల విషయంలో పోరాటం అక్కర్లేదు. పదేపదే చేసే, ప్రమాదం తక్కువైన మార్పులకు ముందే ఒకసారి అనుమతి తీసుకునే వెసులుబాటు, ఐటీ సేవల నిర్వహణకు చాలా సంస్థలు వాడే ఐటిల్ (ITIL) పద్ధతిలోనే ఉంది. డిస్కౌంట్ కాలమ్ వంటివి ఆ జాబితాలో చేరితే ప్రతిసారీ ఆమోదం కోసం కమిటీ దాకా వెళ్ళనక్కర్లేదు. రిలీజ్‌ను వారానికోసారి చేయండి. మార్పులు చిన్నవైతే, ఏదైనా చెడినప్పుడు కారణం వెతకడమూ, వెనక్కి తీసుకోవడమూ తేలిక.

రెండు నెలల తర్వాత మళ్ళీ అదే కాగితం రాయండి. అప్పటికీ పని టెస్టర్ దగ్గరే ఆగుతుంటే, ఆ కాగితం చూపించి ఇద్దరు డెవలపర్లకు బదులు ఒక టెస్టర్‌ను అడగండి.