చల్లటి స్టౌట్‌లో దాల్చినచెక్క ఎందుకు తెలియలేదు?

అమెరికాలోని వెస్ట్‌బ్రూక్ బీరు కంపెనీ వాళ్ల మెక్సికన్ కేక్‌ను (దాల్చినచెక్క, వెనిలా, హబనేరో మిరప వేసిన స్టౌట్, అంటే చిక్కటి నల్ల బీరు) ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పింట్ గ్లాసు నిండా పోసుకున్నానని, తీపి, మిరప మంట తప్ప దాల్చినచెక్క, వెనిలా జాడే లేదని మీరు రాశారు. సీసాను తప్పుపట్టకండి, ముందు చల్లదనాన్ని తగ్గించండి. 4 డిగ్రీల దగ్గర వాసనలు పైకి లేవవు. హబనేరో మిరప మంటకు వాసనతో పనిలేదు కాబట్టి అదొక్కటే మిగిలింది.

సీసాను అరగంట, నలభై నిమిషాలు బయట ఉంచండి. 10–13 డిగ్రీలు చాలు, 16 దాటితే ఆల్కహాల్ ఘాటు ముందుకొస్తుంది. నోరు సన్నగా ఉండే ట్యూలిప్ గ్లాసులో 100 మి.లీ. పోసి, గ్లాసు తిప్పి చిన్నగా రెండుసార్లు వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని, మింగాక ముక్కుతో ఊపిరి వదలండి. దాల్చినచెక్క దొరికేది అక్కడే. పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టుకున్నారో, ఇదంతా వృథా! మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు చాలు. 10.5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు కాబట్టి ఒక సీసాకు ఇద్దరు ఉంటే మేలు.

అప్పటికీ వెనిలా తెలియకపోతే సీసా తయారీ తేదీ చూడండి, పాతబడితే మసాలా వాసనే ముందు పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి సోకినట్టు. పులుపు కొడితే మాత్రం పారబోయండి.