మిల్లీసెకన్లలో క్షయమయ్యే కేంద్రకం రెండు ప్రోటాన్లను వెలువరించిందని ఎలా నిర్ధారిస్తారు?

ఇనుము-45 లాంటి కేంద్రకాలు అతి తక్కువ సంఖ్యలో దొరుకుతాయి, కొన్ని మిల్లీసెకన్లే నిలుస్తాయి. అలాంటప్పుడు అవి రెండు ప్రోటాన్లను ఒకేసారి వెలువరించాయని ఎలా నమ్మాలి, ఈ రంగంలోకి రావాలంటే ముందుగా ఏది నేర్చుకోవాలి అని మీరు అడిగారు. ఇటువంటి ప్రయోగాలలో డిటెక్టర్ల దగ్గర, ఆ తర్వాత డేటా విశ్లేషణలో పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. అరుదైన కేంద్రకాన్ని తయారుచేయడం కష్టమే కానీ, డిటెక్టర్‌లో నమోదైన శక్తి దేనిదో తేల్చుకోవడం అంతకన్నా కష్టమని నా అభిప్రాయం.

ప్రకృతిలో ఎక్కువగా దొరికే ఇనుము-56లో 26 ప్రోటాన్లకు తోడుగా 30 న్యూట్రాన్లు ఉంటాయి. ఇనుము-45లో ఉండేవి 19 మాత్రమే. ప్రోటాన్లు ఎక్కువైన కేంద్రకం సాధారణంగా పాజిట్రాన్‌ను (ధనావేశం గల ఎలక్ట్రాన్‌ను) వెలువరించి, ఒక ప్రోటాన్‌ను న్యూట్రాన్‌గా మార్చుకుంటుంది; దీన్నే బీటా క్షయం అంటారు. ఇనుము-45 అంతటి అంచున ఉన్న కేంద్రకంలో మాత్రం చివరి రెండు ప్రోటాన్లను కేంద్రక బలం పూర్తిగా పట్టి ఉంచలేదు. విద్యుదావేశాల వల్ల ఏర్పడే కూలుంబ్ అవరోధమే వాటిని కాసేపు ఆపుతుంది. ప్రోటాన్లు జంట కట్టడం వల్ల ఒక్కటే విడిపోవడానికి శక్తి చాలదు, రెండూ కలిసి వెళ్ళడానికి చాలుతుంది. ఇలాంటి క్షయం ఉండవచ్చని సోవియట్ శాస్త్రవేత్త గోల్డాన్‌స్కీ 1960లోనే ఊహించగా, జర్మనీలోని జీఎస్ఐ, ఫ్రాన్స్‌లోని గానిల్ ప్రయోగశాలల నుంచి 2002లో మొదటి ఆధారాలు వెలువడ్డాయి.

ఈ కేంద్రకాల కోసం నికెల్-58 అయాన్లను అధిక వేగంతో పలుచని లక్ష్యంపై ఢీకొట్టిస్తారు. పుట్టిన ముక్కలను అయస్కాంతాలతో వేరుచేసి, ప్రయాణకాలాన్ని, పలుచని డిటెక్టర్‌లో అవి కోల్పోయిన శక్తిని కొలిచి, ఒక్కొక్క అయాన్‌నూ విడివిడిగా గుర్తిస్తారు. తెరమీద ఒక్కో ఐసోటోపు ఒక్కో చుక్కల గుంపుగా కనిపిస్తుంది. డిటెక్టర్‌ను చేరేలోపే విచ్ఛిన్నమయ్యే ఐసోటోపుల స్థానాలు ఖాళీగానే మిగిలిపోతాయి; మన గుర్తింపు సరైనదేనని ఆ ఖాళీలు కూడా సాక్ష్యమిస్తాయి.

గుర్తించిన అయాన్ చివరకు సిలికాన్ పలకలో ఆగిపోతుంది. పలకకు ఒకవైపు నిలువుగా, మరోవైపు అడ్డంగా సన్నని స్ట్రిప్‌లు ఉంటాయి. ఇటు 16, అటు 16 ఉంటే 256 గళ్ళు ఏర్పడతాయి. అయాన్ ఆగిన గడిలోనే కొద్ది మిల్లీసెకన్ల తర్వాత మరో సంకేతం వస్తే, అది దాని క్షయమే కావచ్చు. అయితే లోపలికి దూసుకొచ్చే అయాన్ వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తిని వదులుతుంది, క్షయం వదిలేది సుమారు ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. అందువల్ల మొదటి దెబ్బ నుంచి యాంప్లిఫయర్ ఎంత త్వరగా తేరుకుంటుందో ముందే పరీక్షించుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బీటా క్షయం తర్వాత వెలువడే ప్రోటాన్ శక్తిని కొలిచేటప్పుడు, పలకను దాటిపోతున్న పాజిట్రాన్ తన శక్తిలో కొంత అక్కడే వదిలి వెళుతుంది కాబట్టి, ఏ శక్తి దగ్గర ఎన్ని సంకేతాలు వచ్చాయో చూపే పటంలోని శిఖరం ఎక్కువ శక్తి వైపు జరిగి, కుడివైపు తోకలా సాగుతుంది. రెండు ప్రోటాన్ల క్షయంలో పాజిట్రాన్ ఉండదు. అందువల్ల ఇనుము-45 విషయంలో 1.15 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సన్నని శిఖరం కనిపించింది, పక్క డిటెక్టర్లలో దానికి తోడుగా పాజిట్రాన్ జాడ లేదు. కొద్ది సంఘటనలే అయినా వాటిని నమ్మదగినవిగా చేసింది ఈ రెండు లక్షణాల కలయికే. శక్తి కొలమానాన్ని సరిచేసుకోవడానికి బయట పెట్టిన ఆల్ఫా కణాల సోర్స్ సరిపోదు, ఎందుకంటే ఆ కణాలు పలక ఉపరితలంలోని, శక్తిని నమోదు చేయని నిష్క్రియ పొరను దాటి రావాలి. ఆర్గాన్-33 వంటి తెలిసిన ప్రోటాన్ ఉద్గారకాన్ని పలకలోనే ఆపి చూడడం మేలు.

యాదృచ్ఛికంగా జతపడిన సంకేతాలను లెక్కగట్టడానికి కాలాన్ని తిరగేసి చూసే పద్ధతి ఒకటి ఉంది. అయాన్ రాకముందు అదే గడిలో కనిపించిన సంకేతాలు దాని క్షయం కాలేవు కాబట్టి, వాటి సంఖ్యే మనకు నేపథ్యం (యాదృచ్ఛిక సంకేతాల వాటా) ఎంతో చెబుతుంది. ఏ విశ్లేషణలోనైనా నేను మొదట గీసి చూసే పటం ఇదే.

ఆ శిఖరం మొత్తం శక్తిని చెప్పింది కానీ, ప్రోటాన్లను విడివిడిగా చూపలేదు. 2007లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, వాయువు నింపిన గదిలో రెండు ప్రోటాన్ల జాడలనూ కెమెరాతో ఫోటో తీశారు. వాటి మధ్య కోణాన్ని కూడా దానివల్లే కొలవగలిగారు.

మీ రెండో ప్రశ్నకు నా సలహా: క్వాంటం యాంత్రికశాస్త్రం ఎలాగూ చదువుతారు, దానితోపాటు పదార్థంలో కణాల ప్రయాణాన్ని అనుకరించే జియాంట్4 సాఫ్ట్‌వేర్ నేర్చుకొని, 300 మైక్రాన్ల సిలికాన్ పలక మధ్యలో బీటా క్షయాన్నీ, ప్రోటాన్‌నూ కలిపి అనుకరించి చూడండి. పలక మందాన్ని మారుస్తూ పోతే, ప్రోటాన్ శిఖరం ఎంత జరుగుతుందో, దాని తోక ఎలా సాగుతుందో మీకే తెలుస్తుంది.