ఆదివారం ఎత్తని ఫోను

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ మియాపూర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. రెండేళ్లుగా ఒకతన్ని ప్రేమిస్తున్నాను. నాకంటే ఆరేళ్లు పెద్ద. తోబుట్టువులు లేరని, నాన్న పోయారని, అమ్మతో కలిసి ఉప్పల్‌లో ఉంటున్నానని చెప్పాడు. నన్ను బాగా చూసుకుంటాడు. కానీ రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ ఎత్తడు. ఆదివారాలు, పండగలు అయితే అసలే ఎత్తడు. అమ్మకి ఒంట్లో బాగుండదంటాడు. ఇంటికి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ఈమధ్య అతని కారులో చిన్నపిల్లల స్కూలు టై కనిపించింది. అక్క కూతురిది అన్నాడు. మళ్లీ అడిగితే ‘నమ్మకం లేనప్పుడు ఎందుకీ ప్రేమ’ అని నాలుగు రోజులు మాట్లాడలేదు. చివరికి నేనే సారీ చెప్పాను. మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారంటే, వచ్చే నెల యాదగిరిగుట్టలో దండలు మార్చుకుందాం, మా అమ్మకి తర్వాత మెల్లగా చెబుదాం అంటున్నాడు. అతని అవసరానికి నా గాజులు బ్యాంకులో పెట్టి మూడు లక్షలు ఇచ్చాను. నేను అనవసరంగా అనుమానిస్తున్నానా?

జవాబు: అనవసరంగా కాదమ్మా. అతనికి పెళ్లయిందో లేదో మీ ఉత్తరం చూసి నేను తేల్చలేను. కానీ ఏదో దాస్తున్నాడన్నది మాత్రం మీరు రాసినదాంట్లోనే ఉంది.

తోబుట్టువులు లేరన్న మనిషికి అక్క కూతురు ఎక్కడినుంచి వచ్చింది? మనవాళ్లలో పెద్దమ్మ కూతుర్నీ అక్కా అనే పిలుస్తాం కాబట్టి అది అబద్ధమే అని చెప్పలేం. అయితే అప్పుడు రావాల్సిన జవాబు వేరు. ‘మా పెద్దమ్మ కూతురు ఫలానా, ఫలానా చోట ఉంటారు, మొన్న పాపని స్కూల్లో దింపాను, టై మర్చిపోయింది’ అంటాడు. ఏమీ దాచనివాళ్లు ఇలాంటి చోట అడక్కపోయినా నాలుగు ముక్కలు ఎక్కువే చెబుతారు. మీ అతను రెండు మాటల్లో తేల్చేశాడు. రెండోసారి అడిగేసరికి అలిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నాకు ఆ టై కంటే ఆ నాలుగు రోజుల మౌనమే ఎక్కువ చెప్పింది. ఫోన్ ఎత్తకపోవడానికి వంద కారణాలుంటాయి. మంచాన పడ్డ తల్లి నిజంగానే ఉండొచ్చు. ఇల్లు చూపించకపోవడానికి ఇల్లు సరిగా లేదన్న నామోషీ కూడా కారణం కావచ్చు. అతను దాస్తున్నది పెళ్లే కానక్కర్లేదు, అప్పులు కావచ్చు, పోయిన ఉద్యోగం కావచ్చు. కానీ మామూలు ప్రశ్న అడిగినందుకు మీకు శిక్ష వేసి, చివరికి మీచేతే సారీ చెప్పించుకున్నాడంటే, ఇక ముందు అడక్కుండా ఉండటం మీకు అలవాటు చేస్తున్నాడన్నమాట. మీరు అప్పుడే సగం అలవాటు పడ్డారు కూడా. అతను చెప్పాల్సిన సంజాయిషీలు అతని తరఫున మీరే వెతుకుతున్నారు. ‘ఆదివారం కదా, అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఉంటాడు’ అని మీకు మీరే చెప్పుకున్న రోజులు గుర్తు చేసుకోండి. ప్రతి ఆదివారమూ హాస్పిటలేనా?

ఇక గుట్టలో దండల సంగతి. దేవుడి దగ్గర పెళ్లి చేసుకోవడంలో తప్పేమీ లేదు. తల్లికి తెలియకుండా, మీవాళ్లకి చెప్పకుండా, నెలలోపల అనడమే నాకు నచ్చలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా, విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. గుళ్లో చేసుకున్నా, ఫంక్షన్ హాల్లో వెయ్యిమందికి భోజనాలు పెట్టి చేసుకున్నా అంతే. మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అతను జైలుకెళితే మీకు ఒరిగేదేముంది? భార్యగా మీ హక్కుల కోసం మీరు కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అందుకని అతని ఫోన్ తీసి చూడటం, ఉప్పల్ దాకా వెంటపడటం లాంటివి వద్దు. దొరికిపోతే తప్పంతా మీ మీదికే తిరుగుతుంది, అసలు ప్రశ్న పక్కకి పోతుంది. ఎదురుగా కూర్చుని రెండే అడగండి. ఒకటి, వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను, అత్తయ్యగారిని చూడాలి. రెండు, గుట్టలో పెళ్లికి ముందు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ ఆఫీసులో నోటీసు ఇద్దాం. 1954 నాటి ఆ చట్టంలో నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు. పెళ్లినాడు తాను అవివాహితుడినో, విడాకులు తీసుకున్నవాడినో, భార్య పోయినవాడినో రాసి సంతకం పెట్టాలి. కోపం లేకుండా, మామూలు గొంతుతోనే అడగండి. ‘సరే’ అంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ‘ఆ గొడవంతా ఎందుకు’ అంటే మీకు జవాబు వచ్చినట్టే.

ఇలా గట్టిగా అడిగినప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. ‘పెళ్లయింది, కానీ కలిసి లేం, విడాకుల కేసు నడుస్తోంది.’ దానికి కరిగిపోకండి. కేసు నడుస్తుంటే నంబరు ఉంటుంది. ఫ్యామిలీ కోర్టులో అయితే ఎఫ్‌సీఓపీ అని, వేరే కోర్టుల్లో హెచ్‌ఎంఓపీ అని నంబరు, సంవత్సరం చెప్పమనండి. ఆ నంబరుతో ఈకోర్ట్స్ వెబ్‌సైట్లో కేసు ఏ దశలో ఉందో చూడొచ్చు. ‘పెద్దమనుషుల్లో అయిపోయింది, స్టాంపు పేపరు మీద రాసుకున్నాం’ అంటే అది విడాకుల కింద లెక్కకు రాదు. కులాచారం ప్రకారం విడాకులు ఉన్నచోట చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయడం అంత తేలిక కాదు. మీకు కావాల్సింది కోర్టు డిక్రీ కాపీ. దాని మీద అప్పీలు గడువు కూడా దాటి ఉండాలి.

ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకోకండి. పెళ్లయిన మగవాళ్ల ఆధార్‌లో కూడా భార్య పేరు ఉండదు. ఓటర్ల జాబితాలు మాత్రం ఎవరైనా చూడొచ్చు. ఒకే ఇంటి నంబరు కింద ఉన్న పెళ్లయిన ఆడవాళ్ల పేర్ల పక్కన సాధారణంగా భర్త పేరు ఉంటుంది. ఏ ఊరి జాబితా చూడాలో తెలియడానికి అతని సొంతూరు మీకు తెలిసే ఉంటుంది కదా. తెలియకపోతే, రెండేళ్ల ప్రేమలో ఊరు కూడా తెలియలేదా అని నేను మిమ్మల్ని కోప్పడాలి.

ఈ మాటలు మాట్లాడేటప్పుడు అతని కారులో, ఊరి బయట మాత్రం వద్దు. నలుగురూ ఉండే హోటల్లో కూర్చోండి. మీ రూమ్మేట్‌కి ఎక్కడికి వెళుతున్నారో చెప్పి వెళ్లండి. మీ ఫొటోలు ఇంట్లోవాళ్లకి పంపిస్తానని అతను బెదిరిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా షీ టీమ్స్ పోలీసులకి గానీ మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ చెప్పండి. పెళ్లి చేసుకునే ఉద్దేశం మొదటినుంచీ లేకుండా, చేసుకుంటానని మోసం చేసి శారీరకంగా దగ్గరైతే అదే న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద కేసు అవుతుంది. 2024 జులై నుంచి అమల్లో ఉంది. అయితే మొదట నిజంగా చేసుకుందామనుకుని తర్వాత కుదరకపోవడం వేరని కోర్టులు చెబుతున్నాయి. ఆ దాకా వస్తే లాయరుతో మాట్లాడాక అడుగేయండి.

అమ్మానాన్నలకి చెప్పడానికి భయంగా ఉంటే ముందు పిన్నికో, వదినకో చెప్పండి. ఇంట్లో సంబంధాలు కొన్నాళ్లు ఆపడానికి కూడా ఎవరో ఒకరి సాయం కావాలి కదా.

ఇక గాజులు. ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి, ఎంత ఎమర్జెన్సీ అన్నా సరే. బ్యాంకు రశీదు ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పుడో ఈ వారమే చూసుకోండి. మీ పేరునే ఉంటే అతను కట్టినా కట్టకపోయినా వడ్డీ మీ మీదే పడుతుంది. గడువు దాటితే వేలం నోటీసు మీకే, బహుశా తెనాలి అడ్రసుకే వస్తుంది. డబ్బు అతని ఖాతాకి వేసిన యూపీఐ వివరాలు, ‘తిరిగి ఇస్తాను’ అన్న మెసేజ్‌లు వేరేచోట దాచుకోండి. ‘ఆ మూడు లక్షలు ఎప్పటికి ఇస్తావు’ అని కూడా వాట్సాప్‌లోనే అడగండి, జవాబు రాతలో ఉంటుంది.