మామిడి తోపు కొట్టి సామిల్లు పెట్టాలంటే

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు: చిత్తూరులో ఒక సామిల్లులో ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు రాసిన గుమాస్తా)

ప్రశ్న: అయ్యా, మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మా తాత పెట్టిన తోతాపురి తోట నాలుగెకరాలుంది. చెట్లు ముదిరి కాపు తగ్గిపోయింది. కాయ ధర సంగతి మీకు తెలిసిందే. తోట కొట్టేసి, ఆ చెక్కతోనే మొదలుపెట్టి, మా పొలంలోనే చిన్న సామిల్లు పెట్టాలని నేనూ మా బావమరిదీ అనుకుంటున్నాం. వేలూరులో ఒకరు 36 అంగుళాల పాత బ్యాండ్‌సా (పట్టీ రంపం మిషను) అమ్ముతామన్నారు. వచ్చే వారం అడ్వాన్సు ఇవ్వాలి. మిషను బిగించాక లైసెన్సు తెచ్చుకోవచ్చంటున్నారు. నిజమేనా? ఎవర్ని కలవాలి?

జవాబు: నాయనా, ఆ అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇంకేం చదవకపోయినా ఈ ఒక్క మాట విను. బియ్యం మిల్లుకో పిండి మరకో ముందు మిషను కొని తర్వాత కాగితాలకు తిరిగేవాళ్లున్నారు. కలపలో అది నడవదు. లైసెన్సు లేకుండా బిగించిన బ్యాండ్‌సాను సీజు చేస్తారు, కేసూ పెడతారు. అమ్మినవాడు అప్పటికి నీ ఫోను కూడా ఎత్తడు.

ఇంత గట్టిగా ఉండడానికి కారణముంది. తమిళనాడు నీలగిరి జిల్లా గూడలూరు అడవుల నరికివేత మీద 1995లో గోదావర్మన్ తిరుముల్పాడ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులో 1996 డిసెంబరు 12న వచ్చిన ఉత్తర్వుతో దేశమంతా కలప వ్యాపారం తీరే మారిపోయింది. 2002 అక్టోబరులో అదే కేసులో, తాను వేసిన కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ కొత్త సామిల్లు తెరవనివ్వకూడదని కోర్టు చెప్పింది. 2016లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మార్గదర్శకాలు ఇచ్చాక ఆ అధికారం రాష్ట్ర స్థాయి కమిటీ చేతికి వచ్చింది. రాష్ట్రంలో దొరికే కలప ఎంత, ఉన్న మిల్లులు కోసేది ఎంత అని లెక్క చూసి, మిగులుంటేనే ఆ కమిటీ కొత్త మిల్లుకు సరే అంటుంది. అర్జీ తీసుకునేది జిల్లా అటవీ అధికారి ఆఫీసే. మన రాష్ట్రంలో 1969 నాటి సామిల్లుల నియంత్రణ నిబంధనలూ దీనికి వర్తిస్తాయి. ఆఫీసరు మంచివాడైతే పనైపోతుందనుకోవద్దు, నిర్ణయం ఆయన ఒక్కడి చేతిలో లేదు.

ఇక నీ పొలం సంగతి. నోటిఫై అయిన అడవి హద్దు నుంచి గాలిమార్గాన పది కిలోమీటర్లలోపు కొత్త కలప మిల్లు పెట్టకూడదన్నది ఆ మార్గదర్శకాల్లో ముఖ్యమైన షరతు. బంగారుపాళెం నుంచి పలమనేరు వైపు కాస్త పోతే మొగిలి ఘాటు, దాని వెనకంతా అడవే. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు చెరుకు కయ్యల్లోకి దిగే ఊళ్లు మనవి. నీ సర్వే నంబరు ఎక్కడున్నా ఆ పది కిలోమీటర్లు దాటడం కష్టమని నా అంచనా. పారిశ్రామికవాడలకూ మున్సిపాలిటీ హద్దుల్లోని స్థలాలకూ ఈ దూరం షరతు నుంచి మినహాయింపు ఉంది. అందుకే మిల్లే పెట్టాలనుంటే చిత్తూరులోనో, రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడలోనో షెడ్డు వెతుక్కో. పొలంలో మాత్రం వద్దు.

ఇంతకంటే దగ్గరి దారి ఒకటుంది. నీ చెట్లను లైసెన్సున్న మిల్లుకు తోలి, కోతకూలి ఇచ్చి పలకలుగా కోయించుకో. పలకలు నీవే. మామిడి చెక్క ప్యాకింగు పెట్టెలకు, సెంట్రింగుకు పోతుంది. ఇంటి గడపలకు ఎవరూ అడగరు, తొందరగా పురుగు పడుతుంది. నాలుగెకరాల చెట్లు ఎన్నాళ్లు కోస్తావు? ఆ తర్వాత నీ మిల్లుకు చెక్క ఎక్కడిది? కమిటీ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. పలకలమ్మడానికి అడితి (కలప అమ్మే డిపో) పెట్టుకోవాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, కానీ మిల్లంత కష్టం కాదు.

మిల్లే కావాలంటే అమ్మకానికొచ్చిన పాత లైసెన్సు చూడొచ్చు. అయితే పేరు మార్పుకూ స్థలం మార్పుకూ మళ్లీ అనుమతి కావాలి. స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే లైసెన్సు నీదైపోదు. అర్జీతోపాటు భూమి పత్రాలో లీజు కాగితమో, స్థలం నక్షా, పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కరెంటు లోడు వివరం సిద్ధంగా పెట్టుకో. కలప ఎక్కడి నుంచి ఏటా ఎంత వస్తుందో రాసిచ్చే కాగితమూ ఉండాలి. చాలామంది ‘స్థానిక రైతుల నుంచి’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఏ ఊరు, ఏ జాతి చెట్టు, ఎన్ని ఘనపుటడుగులు అని విడమరిచి రాయాలి.

చెట్టు కొట్టే ముందు వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం సంగతి మరవొద్దు. 2002 నాటి ఆ చట్టం ప్రకారం పట్టా భూమిలో చెట్టుకైనా అనుమతి అడగాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లాంటి వాటికి సడలింపులున్నాయి. మామిడి మన చెట్టే కదా అని గొడ్డలి ఎత్తకుండా, రేంజి ఆఫీసుకు పోయి రాతపూర్వకంగా అడిగి, జవాబూ రాతలోనే తీసుకో.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఎందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. పందొమ్మిదేళ్ల కిందట, కార్తీకమాసం, వానరాత్రి. మా ఓనరు ఊళ్లో లేడు. వేప, చింత దుంగలతో లారీ వచ్చి గేటు ముందు ఆగింది. పర్మిటు పార్టీ (సరుకు యజమాని) దగ్గరుంది, తెల్లారి తెస్తారన్నాడు డ్రైవరు. వానలో తడుస్తున్నాడని జాలేసి గేటు తీశాను. దించాక టార్చి వేసి చూశాను. ప్రతి దుంగకూ కోసిన మొహం మీద సుత్తి గుర్తు ఉండాలి. అటవీ శాఖలో రిజిస్టరైన ఆ గుర్తు దిగబడి, చుట్టూ నారంతా నలిగి, వేలితో తడిమితే గుంటలా తగులుతుంది. పద్నాలుగు దుంగలూ తడిమాను. అన్నీ నున్నగా ఉన్నాయి. అప్పుడైనా లారీ వెనక్కి పంపాల్సింది. పంపలేదు.

పొద్దున ఏడింటికి తనిఖీ వాళ్లు వచ్చారు. ఆవరణలో పద్నాలుగు దుంగలు, రిజిస్టరులో సున్నా. పార్టీ రానేలేదు. మిల్లుకు సీలు వేశారు. మళ్లీ తెరవడానికి నాలుగు నెలలు పట్టింది. కోత మేస్త్రీ, ట్రాలీ తోసేవాళ్లు, పొట్టు ఎత్తే ఆడవాళ్లు, మొత్తం పదకొండు మంది ఆ నాలుగు నెలలూ కూలి లేక తిరిగారు. మేస్త్రీ తన కూతురి బడి ఫీజు కోసం నా దగ్గరకే వచ్చాడు. గేటు తాళం నా చేతిలో ఉండింది, నేనే తీశాను. ఈ మాట ఆయనతో ఇప్పటికీ అనలేకపోయాను.

అందుకే రిజిస్టరు గురించి రెండు మాటలు. లోపలికొచ్చిన దుంగను ఆ రోజే రాయి: పర్మిటు నంబరు, జాతి, పొడవు, చుట్టుకొలత. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవుంటే పది ఘనపుటడుగులు. కోసిన పలకలు మరో పుస్తకంలో, అమ్మినవి బిల్లుతో. మా మిల్లులో మామిడి వంద ఘనపుటడుగులు కోస్తే అరవై పైచిలుకు పలకలుగా దక్కేది, మిగతాది పొట్టూ అంచులూ. నీ పుస్తకంలో తొంభై కనబడితే, మిగతా దుంగలు ఎక్కడివని తనిఖీకొచ్చినవాడు అడుగుతాడు.

ప్రశ్న: మాధవమాలలో బొమ్మలు చెక్కుతాం. ఎర్రచందనం ముక్కలు గోనెసంచిలో తెచ్చి తక్కువకిస్తామంటున్నారు. చిన్న ముక్కలే కదా, తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు తమ్ముడూ. ఎర్రచందనానికి చిన్న ముక్క, పెద్ద దుంగ అనే తేడా లేదు. శేషాచలం, దానికి దగ్గరి తూర్పు కనుమల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా అడవిగా పెరగని చెట్టు అది. 1995 నుంచి అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం (సైటిస్) రెండో అనుబంధంలో, అంటే నియంత్రణ జాబితాలో ఉంది. మన రాష్ట్ర అటవీ చట్టానికి 2016లో చేసిన సవరణతో ఎర్రచందనం కేసులు నాన్‌బెయిలబుల్ అయ్యాయి. పట్టుబడ్డ సరుకు తిరుపతి డిపోకు చేరుతుంది. ప్రభుత్వం వేలంలో అమ్మితేనే అది సక్రమ సరుకు. గోనెసంచిలో వచ్చేదానికి ఏ కాగితమూ ఉండదు. మీ ఊరి ఉలి పేరు ఎన్నో తరాలది. వేప చెక్కలోనూ ఆ చేతి పని కనబడుతుంది. సంచి తెచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే వెనక్కి పంపండి.

ప్రశ్న: మా ఆయన పోయి ఆరు నెలలైంది. శ్రీకాళహస్తిలో ఆయన వడ్రంగి దుకాణం నేను నడుపుతున్నాను, ఇద్దరు పనివాళ్లున్నారు. టేబులు మీద చిన్న గుండ్రటి రంపం ఒకటుంది. దీనికీ సామిల్లు లైసెన్సు కావాలని ఒకాయన భయపెడుతున్నాడు.

జవాబు: భయపడకమ్మా. ముందు ఆ రంపం బిళ్ల అడ్డంగా కొలువు. ముప్పై సెంటీమీటర్లు, అంటే అడుగుకు కాస్త తక్కువ, దాటకూడదు. బ్యాండ్‌సా ఉండకూడదు. దుంగలు తెచ్చి కోయకూడదు, లైసెన్సున్న మిల్లు నుంచో అడితి నుంచో కోసిన సైజులే కొనాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే సామిల్లు లైసెన్సు అడగరు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు మాత్రం నీ పేరుకు మార్చుకో, మరణ ధ్రువపత్రం జత చేసి ఒక అర్జీ ఇవ్వు. ప్రతి బిల్లూ తీసుకుని తేదీల వరుసన ఒక ఫైలులో పెట్టు. ఆ భయపెట్టినాయన మళ్లీ వస్తే ఫైలు తీసి చూపించు. డబ్బులు మాత్రం ఇవ్వొద్దు.