టెక్కలి షెడ్డులో ఆయిల్ మారిస్తే షోరూం వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది టెక్కలి. పలాస దగ్గర బడిలో టీచరుగా చేస్తున్నాను, రోజూ కారులోనే వెళ్లొస్తాను. ఏడాదిన్నర క్రితం శ్రీకాకుళం షోరూంలో ఎనిమిదిన్నర లక్షలకు కారు కొన్నాను. మూడేళ్ల వారంటీ. ఉచిత సర్వీసులు అయిపోయాయి. ఇప్పుడు ముప్పై వేల కిలోమీటర్ల సర్వీసుకి రూ.8,200 ఎస్టిమేటు ఇచ్చారు. అదే పని మా ఊళ్లో, నా దగ్గర చదువుకున్న కుర్రాడి షెడ్డులో రూ.2,800. నిజానికి ఏప్రిల్‌లో ఒకసారి అక్కడే ఆయిల్ మార్పించేశాను కూడా. అలా చేస్తే వారంటీ పోతుందని షోరూంవాళ్లు, పోనివ్వదు చట్టం అని ఒక వీడియోలో. ఏప్రిల్ సంగతి వాళ్లకి చెప్పమంటారా, దాచమంటారా?

జవాబు: చెప్పేయండి మాస్టారూ. దాచినా దాగదు. వాళ్ల కంప్యూటర్లో పదివేల దగ్గర ఆగిపోయిన బండి మీటరు మీద ముప్పై వేలు చూపిస్తుంటే, మధ్యలో ఆయిల్ ఎక్కడ మార్చారని ఎవరైనా అడుగుతారు.

మీరు చూసిన వీడియో అమెరికాది అయ్యుంటుంది. ఫలానా చోటే సర్వీసు చేయించాలని వారంటీకి ముడిపెట్టకూడదని అక్కడ 1975 నుంచీ చట్టం ఉంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన ఆర్డరు. 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దనే షరతు చెల్లదంది. బయటివాడి పని వల్ల ఏదైనా చెడితే, ఆ చెడిన మేరకే కాదనవచ్చంది. కంపెనీలు దాని మీద పై కోర్టులకు వెళ్లాయి. కాబట్టి ఆ ఆర్డరు పట్టుకెళ్లి కౌంటరు దగ్గర చూపిస్తే పనైపోతుందని నేను చెప్పను. వాదనకి బలం, అంతవరకే.

విజయనగరంలో నాకే జరిగింది. కిటికీ అద్దం దించే మోటారు పోతే, ‘మీరు బయట ఆయిల్ మార్పించారు సార్, వారంటీ రాదు’ అన్నారు ఒక సర్వీసు సెంటర్లో. అద్దానికీ ఆయిల్‌కీ ఏం చుట్టరికం బాబూ అన్నాను. రూలంతే అన్నాడు. సరే, ఆ ముక్కే మీ లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసి ఇమ్మని కుర్చీలో కూర్చున్నాను. గంటన్నర కూర్చోబెట్టారు. కాగితం రాలేదు, మోటారు వచ్చింది.

ఇంజను విషయంలో మాత్రం ఇంత సులువుగా తేలదు. అక్కడ ఆయిల్‌కి సంబంధం ఉంది మరి. ఈ కాలపు పెట్రోలు ఇంజన్లకు చాలావాటికి 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ పొయ్యాలి. షెడ్డులో డ్రమ్ములోంచి కొలిచి పోసేది ఏమిటో పోసినవాడికే తెలియదు. అందుకే ఏప్రిల్‌లో ఏ గ్రేడు పోశారో ముందు కనుక్కోండి. మీ శిష్యుడికి జీఎస్టీ నంబరు ఉండకపోవచ్చు, చిన్న షెడ్డుకి అది తప్పేమీ కాదు. ఆయిల్, ఫిల్టరు ఏ స్పేర్‌పార్ట్‌ల షాపులో తెచ్చాడో అక్కడి బిల్లు తెప్పించండి, అందులో గ్రేడు రాసి ఉండాలి. కూలికి ఒక రసీదు రాయించండి, కారు నంబరు, అప్పటి మీటరు రీడింగు, సంతకంతో. రసీదు మీద తేదీ ఈరోజుదే ఉండాలి, పని చేసింది ఏప్రిల్‌లో అని లోపల రాస్తే చాలు. ఫోన్‌పే చేసి ఉంటే ఆ స్క్రీన్‌షాటే అసలు తేదీకి సాక్ష్యం.

ఇక డబ్బు. మీరు పంపిన ఎస్టిమేటు ఫొటో పెద్దది చేసుకుని చదివాను. ఆయిల్ 1,750, ఆయిల్ ఫిల్టరు 180, డ్రెయిన్ బోల్టు వాషరు 30, ఎయిర్ ఫిల్టరు 420, లేబరు 2,120. మొత్తం 4,500. దాని కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి: ఇంజన్ ఫ్లషింగ్ 650, ఏసీ క్లీనింగ్ 1,350, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 950, బ్రేక్ క్లీనింగ్ 750. ఈ 3,700 మీరు అడిగారా? మాన్యువల్ వెనక పేజీల్లో ఏ కిలోమీటరు దగ్గర ఏం చెయ్యాలో పట్టిక ఉంటుంది. ఈ నాలుగూ అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే వద్దనండి.

అప్పుడు షెడ్డుకీ షోరూంకీ తేడా 1,700. టెక్కలి నుంచి శ్రీకాకుళం రానూపోనూ వంద కిలోమీటర్లు, పెట్రోలు ఓ ఆరొందలు. అంటే 2,300. మీరనుకున్న 5,400 కాదు. వారంటీ ముగిసేలోపు మీకు మహా అయితే మూడు సర్వీసులు. ఏడు వేలకి ఇంజను మీద పేచీ లేకుండా పోతుందంటే నాకది చవక బేరమే. నేనైతే ఆ మూడూ షోరూంలోనే కానిస్తాను. రెండో శనివారం పెట్టుకుంటే మీకు సెలవు ఖర్చు కాదు. ఇంట్లోవాళ్లని తీసుకెళ్తే అరసవల్లి దర్శనమూ అవుతుంది, అప్పుడు పెట్రోలు కారు ఖాతాలో రాయక్కర్లేదు.

వారంటీ తీరాక కారు మీ శిష్యుడికే అప్పగించండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ (డబ్బు కట్టి పొడిగించుకునేది) కొని ఉంటే మాత్రం దాని షరతులు వేరు, ఆ పుస్తకం విడిగా చదవాలి.

ఇంతా చేసి, ఏప్రిల్ ఆయిల్ సాకుతో సంబంధం లేని పార్టుకి కూడా కాదంటే, రాసిమ్మనండి. ఇవ్వకపోతే మీరే మెయిలు పెట్టి, 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే శ్రీకాకుళంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీ కారు ధరకి ఫిర్యాదు ఫీజు రూ.200. లాయరు లేకుండా మీరే వెళ్లొచ్చు, వాళ్లు కాదన్న రోజు నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి.

ఈ శనివారం మాత్రం జాబ్‌కార్డు (చెయ్యాల్సిన పనులు రాసే షోరూం కాగితం) మీద సంతకం పెట్టే ముందే ఆ నాలుగు లైన్లూ పెన్నుతో కొట్టించండి. మొత్తం ఎంతో మళ్లీ రాయించుకుని, అప్పుడు తాళాలివ్వండి.